సీక్వెన్సింగ్ అయ్యాక అదే ఆర్ఎన్ఏతో మళ్ళీ క్యూపీసీఆర్ చేయాలా?

కణదర్శి:
మందు వేసిన కణాలు, వేయని కణాలు, ఒక్కో వైపు మూడేసి నమూనాలతో ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ (కణంలోని ఆర్ఎన్ఏని చదివి, ఏ జన్యువుది ఎంతుందో లెక్కించడం) చేశాం. పేపర్ పంపితే, ఒక రివ్యూయర్ పది జన్యువులను క్యూపీసీఆర్‌తో (ఒక్కో జన్యువు ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చి, సైకిల్ సైకిల్‌కీ పెంచుతూ కొలిచే పద్ధతి) నిర్ధారించమన్నారు. మిగిలిన ఆర్ఎన్ఏతోనే చేసేద్దామంటున్నారు మా గైడ్. దీంతో కొత్తగా తెలిసేదేముంది?

పాతబెంచి:
అడగడంలో తప్పేం లేదండీ. రీడ్స్ (సీక్వెన్సింగ్‌లో చదివిన ముక్కలు) బాగా తక్కువ వచ్చిన జన్యువులున్నాయి, దాదాపు ఒకే సీక్వెన్స్ ఉన్న జన్యువులున్నాయి. అక్కడ ఏ రీడ్ ఎవరిదో తేల్చడంలో సాఫ్ట్‌వేర్ పొరబడుతుంది. క్యూపీసీఆర్‌లో సరైన ప్రైమర్ (కావలసిన జన్యువుకే అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్క) అయితే ఆ తేడా పట్టుకుంటుంది.

ద్విగుణం:
మీరు చెప్పిన జన్యువుల వరకు ఒప్పుకుంటాను. కానీ ఈ ఆనవాయితీ మైక్రోఅరేల (ప్రోబ్‌లనే డీఎన్ఏ ముక్కలు అతికించిన చిప్‌ల) కాలంనాటిది. అప్పుడు ప్రోబ్‌కి వేరే జన్యువు కూడా అతుక్కునేది కాబట్టి ఇంకో పద్ధతితో చూడక తప్పేది కాదు. ఇప్పుడు అదే ట్యూబులోని ఆర్ఎన్ఏని మళ్ళీ కొలిస్తే మెషీన్లు రెండూ ఏకీభవించాయని తెలుస్తుంది, అంతే. కణాలు పెంచినప్పుడే తేడా వచ్చి ఉంటే ఆ తప్పు రెండింటిలోనూ కనిపిస్తుంది. చేస్తే కొత్తగా పెంచిన కణాలతో చేయండి.

పైగా క్యూపీసీఆర్ ఏమీ తిరుగులేని సాక్షి కాదు. ఒక్క సైకిల్ తేడా అంటే దాదాపు రెట్టింపు తేడా. జీఏపీడీహెచ్ అనే జన్యువు మారదనుకుని అందరూ దానితోనే పోలుస్తారు, ఆక్సిజన్ తగ్గితే అదే పెరుగుతుంది! ఇలా పోల్చడానికి వాడే రిఫరెన్స్ జన్యువు నిలకడగా ఉందో లేదో చూపించాలని క్యూపీసీఆర్ కోసం 2009లో వచ్చిన ఎంఐక్యూఈ మార్గదర్శకాలు చెప్పినా, పాటించని పేపర్లు ఇప్పటికీ చూస్తున్నాను, బాధగా ఉంటుంది.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఎంఆర్ఎన్ఏ (ప్రొటీన్ తయారీకి జన్యువు సందేశం మోసే ఆర్ఎన్ఏ) పెరిగిందంటే జన్యువు ఎక్కువగా చదవబడుతోందా, లేక తయారైన ఎంఆర్ఎన్ఏ నెమ్మదిగా విరిగిపోతోందా? పది జన్యువుల బార్ గ్రాఫులు పెట్టినా ఇది తేలదు. ఆక్టినోమైసిన్ డీ అనే మందుతో ట్రాన్స్‌క్రిప్షన్ (జన్యువు నుంచి ఆర్ఎన్ఏ తయారవడం) ఆపి, గంట గంటకూ నమూనా తీసి, ఎంత మిగిలిందో క్యూపీసీఆర్‌తో కొలవండి. క్యూపీసీఆర్ నిజంగా పనికొచ్చేది అక్కడే.

పాతబెంచి:
ఆక్టినోమైసిన్ కణాలను బాగా దెబ్బతీస్తుంది, ఎక్కువ గంటలు ఉంచితే మీరు కొలిచేది ఆ దెబ్బనే అవుతుంది. 4-థయోయురిడిన్ (కొత్తగా తయారయ్యే ఆర్ఎన్ఏలో చేరి గుర్తుగా నిలిచే పదార్థం) కొద్దిసేపు ఇచ్చి కొత్త ఆర్ఎన్ఏని విడిగా పట్టుకోవడం మేలు. కొత్త కణాలతో చేయాలన్న మాట మాత్రం నిజం, అది ముందే చెప్పాల్సింది నేను.

కణదర్శి:
అయితే పది కాదు, మా వాదన ఆధారపడిన మూడు జన్యువులే తీసుకుంటాను, కొత్తగా పెంచిన కణాలతో. ప్రొటీన్ కూడా పెరిగిందో లేదో వెస్టర్న్ బ్లాట్‌లో (యాంటీబాడీతో ప్రొటీన్‌ని గుర్తించే పరీక్ష) చూస్తాను. రివ్యూయర్‌కి ఇదే రాస్తాం. గైడ్‌ని ఒప్పించడమే ఇప్పుడు టెన్షన్.

ద్విగుణం:
క్యూపీసీఆర్‌లో రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేస్ (ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చే ఎంజైమ్) వేయని ట్యూబు ఒకటి తప్పకుండా పెట్టండి. డీఎన్ఏ కలిసి ఉంటే అందులో బయటపడుతుంది.