చర్చ: చేతికొచ్చిన పత్తిని దున్నించి రూజ్వెల్ట్ కాపాడింది ఎవర్ని?

నల్లరేగడి:
1920ల అమెరికా అనగానే జాజ్ పాటలు, ఫోర్డు కార్లు, షేర్ మార్కెట్ అంటారు. దక్షిణాది పత్తి రైతుకి అవేవీ తెలీదు. 1919లో పౌను (దాదాపు అర కిలో) 35 సెంట్లు పలికిన పత్తి మరుసటి ఏడాదికే సగానికి పడింది, 1931 నాటికి 6 సెంట్ల దగ్గరికి దిగింది. వాల్‌స్ట్రీట్ షేర్ మార్కెట్ 1929లో కూలడానికి దాదాపు పదేళ్ళ ముందే వీళ్ళు కూలిపోయారు.

1933 మేలో అధ్యక్షుడు రూజ్వెల్ట్ వ్యవసాయ సర్దుబాటు చట్టం తెచ్చాడు. పంట తగ్గిస్తే ధర పెరుగుతుందని లెక్క. అప్పటికే పత్తి వేసేశారు కాబట్టి ఆ వేసవిలో కోటి ఎకరాలు దున్నించి డబ్బులిచ్చారు. మొక్క తొక్కకుండా సాళ్ళ మధ్య నడవడానికి అలవాటుపడ్డ కంచరగాడిదలు, మొక్కల మీద నడవమంటే మొరాయించాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

నా ప్రశ్న ఒక్కటే. ఆ డబ్బు ఎవరి చేతిలో పడింది? పొలం గలాయన చేతిలో. దున్నిన కౌలు రైతుది పాత బాకీ కింద జమ. మరుసటి ఏడాది సాగు తగ్గింది గనక ఆ కుటుంబాలనే ఊళ్ళోంచి తోలేశారు. రూజ్వెల్ట్ ఆదుకునే పథకాలన్నిటికీ పెట్టిన పేరు న్యూ డీల్. అది రైతుని కాపాడిందనే మాట నేను ఒప్పుకోను.

కృష్ణాతీరం:
ముందు మీ శీర్షికే తప్పు. చేతికొచ్చిన పత్తి కాదు, పూత, కాయ మీదున్న పత్తి. చేతికొస్తే ఏరుకోరా?

ఇక అసలు విషయం. గోదాముల్లో పాత పత్తి గుట్టలుగా పడుంది, కొనే దిక్కు లేదు. 6 సెంట్లకి అమ్మితే ఏరిన కూలీ, జిన్నింగు ఖర్చు పోను ఏం మిగుల్తుంది? అప్పటికి వేల బ్యాంకులు మూతపడ్డాయి. పొలం గలాయన మునిగితే కింద పనిచేసేవాడు తేలతాడా? 1933 అక్టోబరులో పత్తి తాకట్టు పెట్టుకుని పౌనుకి 10 సెంట్ల అప్పు ఇచ్చారు. ధర అక్కడ నిలబడింది. ఒక్క ఏడాదిలో అంత మార్పు తెచ్చిన ప్రభుత్వం ఇంకోటి చూపించండి.

బుల్లెబ్బాయి:
పందుల సంగతి ఎవరూ ఎత్తరేం? ఆ ఏడే 60 లక్షల పందిపిల్లల్ని చంపించారు. జనం ఆకలితో వరసల్లో నిలబడితే!

కృష్ణాతీరం:
ఆ మాంసం కొంత పేదలకి పంచారు సార్. మరీ చిన్న పందిపిల్లలు మాంసానికి పనికిరాక కొవ్వుకి, ఎరువుకి పోయాయి. ఎప్పుడు చూసినా పందులే.

నల్లరేగడి:
పందులు వదిలేయండి. లెక్క చెప్తా వినండి. సర్కారు భూస్వాములతో చేసుకున్న 1934, 35 ఒప్పందంలో, సాగు ఆపిన పొలంలో పండాల్సిన పత్తికి పౌనుకి నాలుగున్నర సెంట్లు లెక్కగట్టారు. అందులో మూడున్నర ‘అద్దె’ పేరుతో భూస్వామికే. మిగిలిన ఒక్క సెంటు పంటలో పాళ్ళ ప్రకారం పంచుకోవాలి. సగం పాలుకి చేసేవాడికి అర సెంటు, భూస్వామికి నాలుగు. దీన్ని రైతుకి సాయం అందామా?

కృష్ణాతీరం:
మీరు ‘కౌలు రైతు’ అని వాడుతున్న మాట దగ్గరే తేడా ఉంది. కౌలు అంటే ఇంత అని మాట్లాడుకుని, లాభం నష్టం తనే భరించేవాడు. అక్కడ ఎక్కువమంది గురించి మీరు చెప్పేది అది కాదు. విత్తనం, గాడిద, నాగలి, ఉండే గుడిసె అన్నీ యజమానివే. ఒళ్ళు ఒంచినందుకు పంటలో సగం. మన లెక్కన పాలేరుకి దగ్గర. పెట్టుబడి ఎవరిదో సాయం వాళ్ళకే ఎక్కువ వెళ్తుంది, ఇందులో దోపిడీ ఏముంది?

ఓరుగల్లు:
మా దిక్కు పాలుకు చేసుడు అంటరు. పాలేరు వేరు, పాలుకు చేసేటోడు వేరు. కలపకుండ్రి.

నల్లరేగడి:
అన్నీ యజమానివే అన్నారు, నష్టం కూడా ఆయనదేనా? పంట పోతే తిండిగింజల అప్పు ఎవరి మెడకి చుట్టుకునేది? సరుకులు తోట (అక్కడి పెద్ద పత్తి కమతం) యజమాని కొట్లోనే తేవాలి, ఖాతా ఆయనే రాస్తాడు, వడ్డీ ఆయనే వేస్తాడు. డిసెంబరులో లెక్క చూస్తే ఎప్పుడూ ఇంకా బాకీయే. పాలేరుకి జీతమన్నా ఉంటుంది.

మెంఫిస్ మూర్తి:
నేనుండేది అమెరికాలోని మెంఫిస్‌లో. మిసిసిపీ నది దాటి గంట లోపు వెళ్తే ఆర్కాన్సా రాష్ట్రంలో టైరోంజా అనే చిన్న ఊరు. 1934లో ఒక తోట యజమాని 23 కుటుంబాల్ని ఖాళీ చేయిస్తే ఆ జులైలో అక్కడే కౌలుదార్ల సంఘం పుట్టింది. తెల్లవాళ్ళు 11 మంది, నల్లవాళ్ళు ఏడుగురు, ఒకే గదిలో. తెల్లవాళ్ళని, నల్లవాళ్ళని విడివిడిగా ఉంచే ఆ రోజుల్లో ఆర్కాన్సాలో అదెంత మాటో ఇక్కడుంటే తెలుస్తుంది. మిచెల్ అనే ఆయనకి బట్టలుతికే దుకాణం, ఈస్ట్ అనే ఆయనకి పక్కనే పెట్రోలు బంకు. వాళ్ళిద్దరూ ముందు నిలబడ్డారు. ఇప్పుడా కట్టడమే మ్యూజియం. మా పిల్లలు పది నిమిషాల్లో బోరన్నారు, అది వేరే సంగతి.

కృష్ణాతీరం:
మ్యూజియం పెట్టిన ప్రతిదీ నిజం అయిపోదు మూర్తిగారూ. ట్రాక్టర్ వచ్చాక ఎలాగూ ఆ కుటుంబాలు ఉండేవి కావు. చట్టం ఉన్నా లేకున్నా వెళ్ళిపోయేవాళ్ళే.

నల్లరేగడి:
ట్రాక్టర్ కొనడానికి డబ్బెక్కడిది? సర్కారు చెక్కుల్లోంచి కొన్నవాళ్ళు ఎంతమంది! పత్తి ఏరే యంత్రం పొలాల్లోకి బాగా దిగింది రెండో యుద్ధం తర్వాతే. మనుషుల్ని తోలింది అంతకంటే ముందు.

పైగా ఒప్పందంలో ఏడో పేరా ఉంది. ‘వీలైనంత వరకు’ ఎంతమంది కౌలుదార్లు ఉన్నారో అంతమందిని ఉంచాలని. ఆ రెండు మాటలే సందు. వ్యవసాయ శాఖలోని లాయర్లు, అంతమందిని కాదు, ఆ మనుషుల్నే ఉంచాలని అర్థం చెప్పారు. 1935 ఫిబ్రవరిలో ఆ లాయర్ల పెద్ద జెరోమ్ ఫ్రాంక్‌తో సహా కొందరి ఉద్యోగాలు పీకేశారు. వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్ సరేనన్నాడు. రూజ్వెల్ట్ పార్టీకి దక్షిణాది భూస్వాముల ఓట్లు కావాలి, అంతే.

కృష్ణాతీరం:
లాయర్లకి పత్తి గింజకీ మినపగింజకీ తేడా తెలుసా అసలు? పొలం నాది, ఎవర్ని ఉంచుకోవాలో దేశ రాజధానిలో కూర్చున్నవాడు చెప్తాడా?

నల్లరేగడి:
‘పొలం నాది’ అన్నారు చూశారా. ఆర్కాన్సా గురించేనా మాట్లాడుతున్నారు?

మా నాన్న ఆరెకరాలు కౌలుకి పత్తి చేశాడు. గులాబీ రంగు పురుగొచ్చి మొత్తం పోయింది. ఎకరానికి ఇంత అని వచ్చిన సాయం పట్టా గలాయన ఖాతాలో పడింది. ఆయన పట్నంలో ఫ్లాట్లో ఉంటాడు. నాన్న ఫోన్ చేసి అడిగితే ‘కౌలు బాకీలో తగ్గించుకుంటాలే’ అన్నాడు. తగ్గించలేదు. ఆ అర సెంటు లెక్క చదివినప్పుడు నాకేం గుర్తొచ్చి ఉంటుందో ఆలోచించండి.

కృష్ణాతీరం:
ఇప్పుడు తెలిసింది. ఇది రూజ్వెల్ట్ మీద చర్చ కాదు, మా మీద.

అయితే మా వైపు కూడా వినండి. మా తాతగారు ఒకాయనకి నోటిమాట మీద పొలం ఇచ్చారు. ఆయన కాగితం పుట్టించి కోర్టుకెళ్ళాడు. పదకొండేళ్ళు తిరిగాం. నాన్న పెళ్ళి ఖర్చు కంటే వాయిదాల ఖర్చు ఎక్కువ. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరూ కౌలు కాగితం మీద సంతకం పెట్టరు. ‘ఆ మనుషుల్నే ఉంచాలి’ అనే మాట వింటే మాకు గుండె జారుతుంది. ఆ తోటల వాళ్ళ భయమూ అదే అయ్యుంటుంది. దుర్మార్గం అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

నల్లరేగడి:
భయం అర్థమైంది. కానీ 1939 జనవరిలో మిస్సోరీ రాష్ట్రంలో తోటల్లోంచి తోలేసిన వాళ్ళు వెయ్యి మందికి పైగా హైవే పక్కన చలిలో గుడారాలు వేసుకుని కూర్చున్నారు, పిల్లలతో. వాళ్ళ భయానికీ మీ భయానికీ ఒకే తూకం వేయలేను. మీకు పొలం పోతుందని భయం. వాళ్ళకి రాత్రికి ఎక్కడ పడుకోవాలా అని.

బుల్లెబ్బాయి:
ఇద్దరూ రైతులే కదండీ, ఎందుకు గొడవ.

నల్లరేగడి:
కాదు. గొడవంతా దాని గురించే. పట్టా పుస్తకం గలవాడు రైతా, కొర్రు పట్టినవాడు రైతా? చెక్కు మీద ఏ పేరు రాయాలన్నది 1933లో తేల్చలేదు, ఇప్పుడూ తేల్చలేదు.

కృష్ణాతీరం:
నేను చెక్కు పంచుకుంటాను. కాగితం మాత్రం రాయను. అది నా మాట. ఇంతకీ మీ నాన్నగారు చేసింది ఏ ఊళ్ళో?

నల్లరేగడి:
చెప్పనండి. మీరే మా ఆసామి అయ్యుండొచ్చు.