ఫ్లాట్‌కో నీళ్ల మీటర్ పెట్టాలా, వద్దా? (పటమట, బెజవాడ)

ఐదో అంతస్తు:
మాది పటమటలో ఇరవై ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంట్. మున్సిపల్ కుళాయి ఒకటి, బోరు ఒకటి. ఏప్రిల్ నుంచి బోరు సన్నబడింది. మోటారు గంటసేపు వేసినా సంపు పావు వంతు నిండట్లేదు. వారానికి మూడు ట్యాంకర్లు తెప్పించి, ఖర్చు మనుషులున్న ఇళ్లన్నిటికీ సమానంగా పంచుతున్నాం. మొన్న మీటింగులో పెద్ద గొడవ. మొగుడూ పెళ్లాం ఇద్దరే ఉండే పెద్దాయన "రోజూ వాషింగ్ మెషీన్ వేసే ఆరుగురికీ మాకూ ఒకటే లెక్కా?" అన్నారు. ఆ ఆరుగురి ఇంటావిడ "మాకు చుట్టాలొస్తే మీటర్ చూసుకుంటూ స్నానాలు చేయించాలా?" అంది. నేను మీటర్లు పెట్టాలనే అంటున్నాను. మీరేమంటారు?

కాలవగట్టు:
కృష్ణ ఒడ్డున ఉంటూ, ఊళ్లోంచి బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ పారుతుంటే నీళ్లకి మీటరా! మా నాన్న వింటే నవ్వుతారు.

గుణదల కొండ:
నవ్వమనండి. కాలవ మీకు పక్కనే ఉంది, మేం కొండ మీదున్నాం. బూస్టరు పెట్టి ఎక్కిస్తేనే మాకు నీళ్లు. వచ్చేది పొద్దున్నే కాసేపు. ఈలోపు మూడు డ్రమ్ములు, ఐదు బిందెలు నిండాలి. బట్టలు జాడించిన నీళ్లు బాత్రూముకి, బియ్యం కడిగినవి కరివేపాకు మొక్కకి. మా ఇంట్లో డ్రమ్మే మీటరు. మూడోది సగానికొచ్చిందంటే మా అత్తయ్య గొంతు పెరుగుతుంది.

పైపుల పనివాడు:
ఐదో అంతస్తు గారూ, మీటర్ మాట తర్వాత, ముందు డాబా ఎక్కి మీ పైపులు చూడండి. పాత బిల్డింగుల్లో ట్యాంకు నుంచి ఫ్లాట్‌కి ఒక లైను రాదు. వంటింటి లైను ఒకటి, ఒక్కో బాత్రూముకి ఒకటి నిలువుగా దిగుతాయి. ఒకే లైను మీద ఐదు అంతస్తుల వంటిళ్లూ ఉంటాయి. అంటే ఫ్లాట్‌కి మూడో నాలుగో మీటర్లు కావాలి. మొత్తం 60 నుంచి 80. వాటిని నెలనెలా ఎవరు చూస్తారు? వాచ్‌మన్‌ని బాత్రూముల్లోకి రానిస్తారా? కొత్తగా కట్టే బిల్డింగులో అయితే ఫ్లాట్‌కి ఒకే లైను వేయించుకోవచ్చు, అప్పుడు మీటరు సుఖం. మీకు మాత్రం సంపు నుంచి పైకెళ్లే పైపుకి ఒక్క మీటరు పెట్టుకోండి, చాలు. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అనేది ప్రభుత్వ ప్రమాణం. ఇంటికి నలుగురు చొప్పున ఇరవై ఇళ్లకి 10,800 లీటర్లు. మీరు అంతకంటే బాగా ఎక్కువ ఎక్కిస్తుంటే ఆ నీళ్లు మనుషులు వాడుతున్నవి కావు, ఎక్కడో కారుతున్నవి.

శివారు రైతు:
నాది దివిసీమ, కృష్ణ సముద్రంలో కలిసే చోటు. పట్నం వాళ్లు బకెట్ల కోసం కొట్టుకుంటుంటే చూస్తున్నా. ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. పది లక్షల మంది ఆ 135 చొప్పున ఏడాదంతా వాడినా 1.75 టీఎంసీలు కాదు. కృష్ణా నీళ్లు రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఒక్క కృష్ణా డెల్టాకి లెక్కగట్టింది 181.2 టీఎంసీలు. ఎక్కువ తాగేది మా వరే, దాచేదేముంది. కానీ 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు (సెకనుకి అన్ని ఘనపుటడుగులు) పైగా సముద్రానికి పోయాయి. బ్యారేజీలో పట్టేది మూడు టీఎంసీలే. ఆ జోరుకి అది ముప్పావు గంట నీళ్లు! ఎండాకాలం వచ్చేసరికి మా ఊరి మంచినీళ్ల చెరువు అడుగంటుతుంది. బోరు వేస్తే ఉప్పునీళ్లు. కాలవ వదిలితేనే చెరువు నిండేది.

కాలవగట్టు:
మరి దాళ్వా (రబీ) వరి మానేసి అపరాలు వేయొచ్చుగా?

శివారు రైతు:
వేస్తూనే ఉన్నాం బాబూ. సార్వా (ఖరీఫ్) కోతకి రెండు మూడు రోజుల ముందే నిలబడి ఉన్న వరిలో మినుము చల్లేస్తాం. నేలలో ఉన్న తేమతోనే పండుతుంది. తడి పెట్టం.

ఐదో అంతస్తు:
రైతు గారి లెక్క కాదనను. కానీ మా బోరు ఎండితే బ్యారేజీ నిండుగా ఉన్నా మా సంపులోకి రాదు కదండీ. నది లెక్క నదిది, మా బోరు లెక్క మాది. అందుకే ఇంట్లోనూ చూసుకున్నాను. మంచినీళ్ల ఆర్వో ఫిల్టర్ వేస్టు పైపు కింద బకెట్ పెట్టాను. పది లీటర్ల బిందె నిండేసరికి వేస్టు నీళ్లు ఇరవై అయిదు లీటర్లయ్యాయి! ఇన్నాళ్లూ అదంతా సింకులోకి వదిలేశాను. ఇప్పుడు గిన్నెలు తోమడానికి వాడుతున్నాం.

గుణదల కొండ:
అవే నీళ్లు మా కొండ మీదైతే రెండు బిందెలు.

ఐదో అంతస్తు (నాలుగు రోజుల తర్వాత):
పనివాడు గారి మాట విని రాత్రి పన్నెండింటికి మోటారు ఆపించి, ట్యాంకు లోపల సుద్దముక్కతో గీత గీశాను. తెల్లారి ఐదింటికి చూస్తే నీళ్లు నాలుగు వేళ్లు దిగాయి. ఎవరూ వాడని వేళలో! ఒక్కో లైను వాల్వు కట్టేసి వెతికితే మూడో అంతస్తులో తాళం వేసిన ఫ్లాట్ దొరికింది. తలుపుకి చెవి ఆనిస్తే ఫ్లష్ ట్యాంకు కారుతున్న చప్పుడు. ఓనరు అమెరికాలో ఉంటారు. మనుషుల్లేని ఇల్లని మీటింగులో ఆయన వాటా సగానికి తగ్గించింది కూడా మేమే.

కాలవగట్టు:
చూశారా, మీటర్ లేకుండానే దొరికింది.

ఐదో అంతస్తు:
మీటరుంటే ఏప్రిల్లోనే దొరికేదండీ.

పైపుల పనివాడు:
ఖాళీ ఫ్లాట్ మీటరు ఎవరు చూసేవారు? సరే, తాళం ఎవరి దగ్గరుంది?

ఐదో అంతస్తు:
నూజివీడులో వాళ్ల బావమరిది దగ్గర. ఆదివారం వస్తానన్నారు. అప్పటిదాకా ఆ లైను వాల్వు కట్టేశాం. దాని మీదున్న మిగతా నాలుగు బాత్రూముల వాళ్లు నన్ను తిట్టుకుంటున్నారు.