కాళ్ళ పీకుడుకి మెథడోన్: అమ్మకి మొదలుపెట్టించమంటారా, వద్దంటారా?

ఎడిసన్ అమ్మాయి

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి 67 ఏళ్ళు. సొంతూరు తెనాలి. నాన్నగారు పోయాక ఆరేళ్ళుగా నా దగ్గరే, న్యూజెర్సీలో ఉంటోంది. ఆవిడకి రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. నొప్పి కాదు, తిమ్మిరీ కాదు. "పిక్కల్లో, ఎముకకీ కండకీ మధ్య ఏదో పాకుతోందే, కాలు కదపకపోతే ప్రాణం పోయేట్టుంది" అంటుంది. లేచి నడిస్తే తగ్గుతుంది. పడుకోగానే మళ్ళీ మొదలు. రాత్రి రెండింటికి లేచి చూస్తే హాల్లో గోడ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. సోఫా నుంచి వంటగది దాకా కార్పెట్ ఒక చారలాగా అరిగిపోయింది. రాత్రి భోజనం కూడా కిచెన్ గట్టు దగ్గర నిలబడే తింటుంది.

ఐదేళ్ళ క్రితం రోపినిరోల్ 0.25 మి.గ్రా.తో మొదలుపెట్టారు. మొదటి ఏడాది దేవుడిచ్చిన మందులా పనిచేసింది. తర్వాత పెంచుకుంటూ పోయారు, ఇప్పుడు 4 మి.గ్రా. ఒకప్పుడు రాత్రి తొమ్మిది తర్వాత వచ్చేది ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికే వస్తోంది, చేతులకి కూడా పాకింది. గాబాపెంటిన్ ఇస్తే తల తిరిగి బాత్రూంలో పడిపోయింది. కొత్త న్యూరాలజిస్ట్ మెథడోన్ అంటున్నారు. రాత్రికి 2.5 మి.గ్రా.తో మొదలుపెట్టి, అవసరమైతే మెల్లగా పెంచుదాం అన్నారు.

హైదరాబాద్‌లో ఉన్న మా అన్నయ్య ఫోన్లో ఒకటే గొడవ. "అమ్మని మత్తుమందుకి అలవాటు చేస్తావా, అది డ్రగ్ అడిక్ట్‌లకి ఇచ్చే మందు" అని. నాకు నిద్ర పట్టడం లేదు. మీలో ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

ఒహాయో బాబాయి

అమ్మా, నేను సూటిగా చెప్తాను, ఏమీ అనుకోకు. వద్దు.

మా అన్నయ్య కొడుకు వెన్ను ఆపరేషన్ తర్వాత రెండు వారాలకని ఇచ్చిన నొప్పి మాత్రలతో మొదలయ్యాడు. ఇరవై ఆరేళ్ళ పిల్లాడు. నాలుగేళ్ళకి శవాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. వాడు చెడు తిరుగుళ్ళు తిరిగినవాడు కాదు, ఆ మాత్రలు రాసింది కూడా డిగ్రీ ఉన్న డాక్టరే. "తక్కువ మోతాదు, భయం లేదు" అన్న మాట మా ఇంట్లో కూడా విన్నాం. 1996లో ఆక్సికాంటిన్ అనే నొప్పి మాత్ర వచ్చినప్పుడు అలవాటు తక్కువని దేశమంతా ప్రచారం చేశారు. 2007లో అదే కంపెనీ తాలూకు సంస్థ, ఆ ప్రచారం తప్పుదోవ పట్టించేదేనని కోర్టులో నేరం ఒప్పుకుంది. ఒకసారి మోసపోయిన దేశంలో ఉన్నాం మనం. మీ అన్నయ్య భయం మూర్ఖత్వం కాదు.

మాత్రల డబ్బా

నేను ఇక్కడ ఫార్మసిస్టుని, 19 ఏళ్ళుగా. బాబాయి గారూ, మీ బాధకి నా దగ్గర మాటల్లేవు. కానీ ఎడిసన్ అమ్మాయి గారి ప్రశ్నకి ఓపియాయిడ్ (మెథడోన్ లాంటి నల్లమందు తరహా మందు) వద్దకి వెళ్ళేముందు చూడాల్సినవి రెండు మూడు మిగిలిపోయాయి. అవి చెప్తాను.

మొదటిది, మీ అమ్మగారికి జరిగినది జబ్బు ముదరడం కాదు, మందు చేసిన పని. దీన్ని ఆగ్మెంటేషన్ అంటారు. రోపినిరోల్, ప్రామిపెక్సోల్ లాంటి డోపమిన్ మందులు మొదట్లో అద్భుతంగా పనిచేసి, కొన్నేళ్ళకి జబ్బునే పెంచుతాయి. వాడేవాళ్ళలో ఏటా వందకి ఏడెనిమిది మందికి ఇలా అవుతుంది. లక్షణం పగటికి జరగడం, చేతులకి పాకడం, డోసు పెంచితే నాలుగు రోజులు తగ్గి మళ్ళీ రావడం, ఇవే గుర్తులు. 4 మి.గ్రా. అంటే ఈ జబ్బుకి గరిష్ఠ మోతాదు, ఇక పెంచడానికి లేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మందుల్ని మామూలుగా వాడొద్దనే చెప్పింది. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, ఐరన్ ఇంజెక్షన్‌లకి గట్టి సిఫారసు ఇచ్చింది. ఓపియాయిడ్‌లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి, కానీ షరతులతో.

రెండోది, ఐరన్. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూపే రక్త పరీక్ష) ఎంత? హిమోగ్లోబిన్ కాదు, ఫెరిటిన్. ఈ జబ్బులో మెదడులో ఐరన్ తగ్గుతుంది, రక్తం మామూలుగానే కనిపిస్తుంది.

మూడోది, రాత్రి పూట ఏమైనా అలర్జీ మాత్ర, నిద్ర మాత్ర వేసుకుంటారా? షాపుల్లో "పీఎం" అని రాసి అమ్మే వాటిలో ఎక్కువగా డైఫెన్‌హైడ్రమిన్ ఉంటుంది. కాళ్ళ పీకుడుని అది బాగా పెంచుతుంది. ఇండియా నుంచి తెచ్చుకునే ఎవిల్ కూడా అంతే. వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్, కొన్ని డిప్రెషన్ మాత్రలు కూడా.

ఎడిసన్ అమ్మాయి

మీ పోస్టు చదివి అమ్మ గదిలో సొరుగు తీసి చూశాను. ఎవిల్ స్ట్రిప్పులు మూడు ఉన్నాయి. "నిద్ర పట్టడానికి రోజూ సగం వేసుకుంటున్నానే, జలుబు మాత్రే కదా" అంది. ఏ డాక్టరుకీ చెప్పలేదు, మందని అనుకోలేదు కాబట్టి.

ఫెరిటిన్ 14 నెలల క్రితం చేశారు: 29. రిపోర్టులో నార్మల్ అనే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు.

మాత్రల డబ్బా

ల్యాబ్ దృష్టిలో అది నార్మలే. ఈ జబ్బుకి కాదు. 75 లోపు ఉంటే ఐరన్ ఇవ్వాలి, 75కీ 100కీ మధ్య ఉన్నా ఇంజెక్షన్ రూపంలో ఇవ్వొచ్చు. కొత్తగా పరీక్ష చేయించి, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఇన్ఫ్యూజన్ (నరంలోకి ఎక్కించే ఐరన్) గురించి న్యూరాలజిస్టుని అడగండి. మర్నాటికల్లా తగ్గదు, వారాలు పడుతుంది. ఎవిల్ ఈ రోజే ఆపించండి. రోపినిరోల్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, ఒక్కసారిగా ఆపితే నరకం.

ఒహాయో బాబాయి

చూశావా అమ్మా. ఒక ఎవిల్ మాత్ర, ఒక ఐరన్ లెక్క. ఇవి చూడకుండా మెథడోన్ దాకా వెళ్ళారు. నా అభ్యంతరం అదే.

రాత్రి నడక

బాబాయి గారి మాటలో సగంతో ఏకీభవిస్తాను. మిగతా సగంతో కాదు. నేను డాలస్‌లో ఉంటాను, 58 ఏళ్ళు, నాలుగేళ్ళుగా రోజూ రాత్రి మెథడోన్ 7.5 మి.గ్రా. వేసుకుంటున్నాను. కాబట్టి తెలిసినదే చెప్తాను.

నాకు ఐరన్ ఎక్కించారు, ఫెరిటిన్ 200 దాటింది, తగ్గలేదు. ప్రీగాబాలిన్‌తో కాళ్ళు వాచి, పది కిలోలు పెరిగాను. ప్రామిపెక్సోల్ రోజుల్లో నాకు తెలియకుండానే ఆన్‌లైన్‌లో పేకాట మొదలైంది. అది కూడా ఆ మందుల దుష్ప్రభావమేనని రెండేళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి మా ఆవిడ నగలు కొన్ని పోయాయి. డోపమిన్ మందులు "మత్తు మందులు" కావు కాబట్టి మా ఇంట్లో ఎవరూ భయపడలేదు. భయపడాల్సింది వాటికి.

ఆ మందు ఆపుతున్నప్పుడు పదకొండు రాత్రులు పడుకోలేదు. పదకొండో రాత్రి బాత్ టబ్‌లో చన్నీళ్ళు పోసుకుని పిక్కల్ని పిడికిళ్ళతో గుద్దుకుంటూ కూర్చున్నాను, తెల్లారేసరికి నల్లగా కమిలిపోయాయి. చచ్చిపోతే బాగుండనిపించింది, ఇది అతిశయోక్తి కాదు. మెథడోన్ మొదలుపెట్టిన మూడో రోజు ఐదు గంటలు నిద్రపోయాను. మత్తేమీ లేదు, కాళ్ళు ఊరుకున్నాయి, అంతే.

ఈ జబ్బుని 1672లోనే వర్ణించిన థామస్ విలిస్ అనే ఇంగ్లండ్ డాక్టరు వాడినది కూడా లాడనమ్, అంటే నల్లమందు సారమే. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్ళు ఈ జబ్బుకి ఓపియాయిడ్ వాడే దాదాపు 500 మందిని ఏళ్ళ తరబడి గమనిస్తున్నారు. 2023లో వచ్చిన రెండేళ్ళ ఫలితాల్లో ఎక్కువమందికి మోతాదు పెద్దగా పెరగలేదు. నొప్పికి వాడేదాంతో పోలిస్తే ఇవి చాలా తక్కువ మోతాదులు.

లోటుపాట్లు కూడా చెప్పాలి. మలబద్ధకం రోజూ ఉంటుంది. మొదలుపెట్టే ముందు ఈసీజీ తీశారు, మెథడోన్ గుండె లయని మార్చగలదు కాబట్టి. స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) పరీక్ష చేశారు. కాగితం మీద సంతకం, అప్పుడప్పుడు మూత్ర పరీక్ష. మాత్రలు తాళం వేసిన పెట్టెలో ఉంటాయి, ఫ్రిజ్ మీద నాలోక్సోన్ స్ప్రే (ఓపియాయిడ్ మోతాదు మించితే విరుగుడు). మందు (అంటే తాగుడు) పూర్తిగా బంద్.

ఒహాయో బాబాయి

మీరు కోలుకున్నందుకు నిజంగా సంతోషం. కానీ ఆ 500 మంది ఎవరు? అప్పటికే ఆ మందు వాడుతూ, అది పనిచేస్తున్నవాళ్ళు. పనిచెయ్యక మానేసినవాళ్ళు, అలవాటుపడి పాడైనవాళ్ళు ఆ లెక్కలోకి వచ్చే అవకాశం తక్కువ. అందులో డమ్మీ మాత్రతో పోల్చి చూసింది కూడా లేదు.

మాత్రల డబ్బా

ఆ లోపం నిజమే. డమ్మీ మాత్రతో పోల్చిన పరీక్ష ఒకటి ఉంది, యూరప్‌లో ఆక్సికోడోన్, నాలోక్సోన్ కలిపిన మాత్రతో, 2013లో వచ్చింది. సుమారు 300 మంది, 12 వారాలు. ఇతర మందులతో తగ్గనివాళ్ళకి ఉపశమనం బాగా కనిపించింది. 12 వారాల తర్వాత ఏమిటన్నదానికి ఆ 500 మంది రిజిస్ట్రీ లాంటివే దిక్కు. రెండూ కలిపి చూసినా బాబాయి గారి ప్రశ్నకి పూర్తి జవాబు రాదు, నేను ఒప్పుకుంటాను. అయినా మందులన్నీ చెడిపోయిన మనిషికి "పరీక్షలు పూర్తయ్యేదాకా నడుస్తూ ఉండు" అని నేనైతే చెప్పలేను.

సిక్కోలు సిస్టర్

నమస్తే అక్కా. నేను శ్రీకాకుళం జిల్లాలో డయాలసిస్ నర్సుని. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు సంగతి మీ అందరికీ తెలుసు. కిడ్నీ పాడైనవాళ్ళలో ఈ కాళ్ళ జబ్బు చాలా ఎక్కువ. నాలుగు గంటలు మిషన్ మీద కదలకుండా ఉండాలి. మూడో గంటకి ఒక్కో పెద్దాయన "సిస్టరమ్మా, తీసెయ్, కాళ్ళు ఆగట్లేదు" అని ఏడుస్తాడు. మధ్యలో ఆపించుకుని వెళ్ళిపోయినవాళ్ళున్నారు. ఇంట్లోవాళ్ళు "కాళ్ళు ఊపకు, ఇంటికి అరిష్టం" అని కసురుతారు. ఇది జబ్బని చెప్పేవాళ్ళే లేరు.

నేను అడగాలనుకున్నది వేరు. మీ అమ్మగారు తెనాలి వస్తారా? వస్తే ఈ మందు ఇక్కడ మామూలు మందుల షాపులో దొరకదు. ఎన్‌డీపీఎస్ చట్టానికి (మత్తుమందుల్ని నియంత్రించే చట్టం) 2014లో సవరణ చేసి మెథడోన్, మార్ఫిన్ లాంటి ఆరు మందుల్ని అత్యవసర నార్కోటిక్స్‌గా గుర్తించారు. కానీ గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లోనే ఇస్తారు, అదీ ఎక్కువగా క్యాన్సర్ నొప్పికి. రాత్రికి రాత్రి ఆగిపోతే విత్‌డ్రాయల్ (అలవాటైన మందు ఆగినప్పుడు వచ్చే బాధలు) వస్తుంది, అందులో మొదట వచ్చేవాటిలో కాళ్ళ పీకుడు కూడా ఒకటి.

ఇంకో మాట. ఇక్కడ ఊళ్ళలో ఈ బాధకి ట్రమడాల్ ఇచ్చేస్తుంటారు. 2018 నుంచి అది కూడా ఎన్‌డీపీఎస్ కిందకి వచ్చింది, అయినా వాడకం ఆగలేదు. దానివల్ల కూడా ఆగ్మెంటేషన్ వచ్చిన కేసులున్నాయి. ఓపియాయిడ్‌లన్నీ ఒకటే అనుకోవద్దు.

ఎడిసన్ అమ్మాయి

తమ్ముడి పెళ్ళికని వచ్చే మాఘమాసంలో తెనాలి వెళ్ళాలనుకుంటున్నాం. ఈ సంగతి నా బుర్రకే తట్టలేదు. చాలా థాంక్స్ సిస్టర్ గారూ.

ఎడిసన్ అమ్మాయి (తొమ్మిది వారాల తర్వాత)

అడిగినవాళ్ళ కోసం.

కొత్త పరీక్షలో ఫెరిటిన్ 24. ఐరన్ ఇన్ఫ్యూజన్ ఇచ్చారు. ఎవిల్ మానేసింది. ఐదో వారానికి చేతుల్లో తగ్గింది, పగలు కూర్చోగలుగుతోంది. రోపినిరోల్‌ని మెల్లగా 4 నుంచి 1కి తెచ్చారు. అక్కడ ఆగిపోయాం. 1 నుంచి సున్నాకి దించబోతే మూడు రాత్రులు మళ్ళీ గోడ పట్టుకుని నడక. మూడో రాత్రి రెండున్నరకి నేను అన్నయ్యకి వీడియో కాల్ చేసి ఫోన్ షెల్ఫ్ మీద పెట్టేశాను. ఏమీ మాట్లాడలేదు. వాడు నలభై నిమిషాలు చూశాడు. తర్వాత "డాక్టరు ఏమంటే అది చెయ్యి" అన్నాడు.

ఈసీజీ బాగుంది, అప్నియా లేదు. మెథడోన్ 2.5 మి.గ్రా. మొదలుపెట్టి పదమూడు రోజులు. రోపినిరోల్ పూర్తిగా ఆగింది. ఐరన్ పని ఇంకా పూర్తవలేదు కాబట్టి మూడు నెలల తర్వాత మెథడోన్ తగ్గించి చూద్దామన్నారు డాక్టరు. మొన్న రాత్రి అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని అన్నం తింది. పెరుగన్నం దాకా.

ఒహాయో బాబాయి

పెట్టె తాళం నీ దగ్గరే ఉందా అమ్మా? మాత్రలు లెక్కపెట్టి రాసుకుంటున్నావా? నేను ఇప్పటికీ భయపడుతూనే ఉన్నాను. మూడు నెలలకి తగ్గించి చూస్తామన్న మాట డాక్టరు మర్చిపోయినా నువ్వు మర్చిపోకు.

ఎడిసన్ అమ్మాయి

తాళం నా దగ్గరే ఉంది బాబాయి గారూ. ప్రతి ఆదివారం లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాస్తున్నాను. తగ్గించే తేదీ కూడా దాని మీదే రాసిపెట్టాను.

సిక్కోలు సిస్టర్

ప్రయాణం ఖాయమైతే టికెట్ కంటే ముందే డాక్టరు లెటర్ తీసుకోండి అక్కా. ఎన్ని మాత్రలు తేవచ్చో, ఏ కాగితాలు కావాలో ఇండియన్ కాన్సులేట్‌ని అడిగి రాతపూర్వకంగా పెట్టుకోండి. మాత్రల్ని సీసా మీదున్న లేబుల్‌తో సహా చేతి సంచిలోనే ఉంచండి. విమానంలో అమ్మగారికి నడవ పక్క సీటు.