శిఖరం ఎక్కకుండానే వెనక్కొచ్చినవాళ్ళు ఇంట్లో, ఊళ్ళో ఏం చెబుతున్నారు?

మంచుబూట్లు (విజయనగరం):
అందరికీ నమస్తే. పోయిన జులైలో లద్దాఖ్‌లో కాంగ్ యాత్సే-2 కి వెళ్ళాను, సుమారు 6,250 మీటర్లు. అర్ధరాత్రి బేస్ క్యాంప్‌లో బయల్దేరాం, తెల్లారేసరికి శిఖరం కళ్ళెదుటే ఉంది, ఇంకో రెండొందల మీటర్లు ఉంటుందేమో. అప్పటికే పది అడుగులకోసారి ఆగుతున్నాను. ఇంతలో క్రాంపాన్ (మంచులో జారకుండా బూటు కింద కట్టే ఇనుప ముళ్ళు) పట్టీ వదులైంది. వంగి బిగిద్దామంటే పట్టీ చివర బకిల్‌లో దూరదు, చూస్తూనే ఉన్నాను, వేళ్ళు మాత్రం నావి కానట్టు పక్కకి పోతున్నాయి. గైడ్ నా మొహంలోకి టార్చి వేసి చూసి, దిగిపోదాం అన్నాడు, అంతే.

అక్కడ బాధ లేదు, నిజం చెప్పాలంటే దిగుతుంటే హాయిగానే ఉంది. ఇంటికొచ్చాక మొదలైంది. గంటస్తంభం నుంచి కంటోన్మెంట్ దాకా ఎవరు కనబడినా "ఎక్కీసినావేటి?" అనే ప్రశ్నే. లేదంటే "అయ్యో, డబ్బులన్నీ పోనాయి" అని ఓదార్పు. మీకెవరికైనా ఇలా అయిందా?

చోడిఅంబలి (మందస):
అయ్యింది బ్రదర్. ముందు ఆ బకిల్ సంగతి. ఇంట్లో చలి గ్లవుజులు వేసుకుని, కళ్ళు మూసుకుని వందసార్లు కట్టి విప్పాలి, ఫ్యాను కింద చెమటలు కక్కుతూ ఇదేం పిచ్చి అని ఇంట్లోవాళ్ళు నవ్వినా సరే. నేను డార్జిలింగ్ హెచ్ఎంఐలో (హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్) 28 రోజుల బేసిక్ కోర్సు చేశాను, సిక్కింలో యుక్సోం నుంచి నడిచి 14,600 అడుగుల చౌరీఖాంగ్ క్యాంపుకి వెళ్తాం, మనలాంటి సముద్రమట్టం మనుషులకి అక్కడ తలనొప్పి గ్యారంటీ. నాకు ప్రాక్టీసంటే మహేంద్రగిరే, 1,501 మీటర్లు. బ్యాగులో నీళ్ళ సీసాలు నింపుకుని ఎక్కి, పైన నీళ్ళు పారబోసి ఖాళీగా దిగుతాను. మోకాళ్ళు పాడయ్యేది దిగేటప్పుడే కదా.

తోడుగా భీమాలి మామిడి తాండ్ర పట్టుకెళ్ళాను. చలికి అట్టముక్కలా అయిపోతే చంకలో పెట్టుకుని మెత్తబడ్డాక తినేవాణ్ణి. టెంట్‌లో నాతో ఉన్న పంజాబీ కుర్రాడు అది బూటు తోలు అనుకున్నాడు :) తిరిగొచ్చాక కళ్ళజోడు ఉన్నమేర తెల్లగా, మిగతా మొహమంతా నల్లగా, పెదాలు పొక్కులు. మా అమ్మ తలుపు తీసి "ఏటి బావూ, ఇలా కాలిపోనావు" అని ఏడుపు. ఎక్కానా లేదా అన్నది ఆమె ఇప్పటికీ అడగలేదు.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం, రిటైర్డ్ జవాను):
బాబూ మంచుబూట్లు, చలికి వేళ్ళు మొద్దుబారడం ఒకటి, అవి మాట వినకపోవడం ఇంకొకటి. ఎత్తు పడక జబ్బు చెయ్యకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకుంటే కూడా వేళ్ళ చివర తిమ్మిరి వస్తుంది, సోడా తాగితే రుచి తేడాగా ఉంటుంది, దాంతో ప్రాణానికేం ఇబ్బంది లేదు. కానీ చెయ్యి గురి తప్పడం, నడక తూలడం మెదడు వాపు మొదలయ్యే గుర్తు కావచ్చు. దానికి మొదటి మందు దిగడమే. నీ గైడ్ మంచోడు, దీపావళికి ఫోన్ చెయ్యి.

మమ్మల్ని పైకి పంపేముందు సైన్యంలో దశలుండేవి. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, 15,000 దాకా నాలుగు, ఆపైన మరో నాలుగు. మీరేమో సెలవులు లేవని వారంలో అన్నీ అయిపోవాలంటారు. నేను సియాచిన్ నుంచి సెలవుకొచ్చినప్పుడు ఆమదాలవలసలో రైలు దిగ్గానే ఉక్కకి కళ్ళు తిరిగాయి. ఊళ్ళో అడిగితే "చలిగా ఉంటుంది" అని ఊరుకునేవాణ్ణి. ఇంకేం చెబుతాం?

జీడితోట (పలాస):
కోపం తెచ్చుకోకండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరగలేక జనం అవస్థ పడుతుంటే లక్షలు పోసి మంచులోకెళ్ళడమేంటని మా నాన్న అడుగుతాడు. నా దగ్గర జవాబు లేదు. నాక్కూడా వెళ్ళాలనే ఉంది.

చోడిఅంబలి (మందస):
మీ నాన్నగారిది తప్పు ప్రశ్నేం కాదు. నేనూ ఎవరెస్ట్ అనుకున్నాను ఒకప్పుడు. వసంతకాలం సీజన్‌కి నేపాల్ పర్మిట్టే 11,000 డాలర్లుండేది, 2025 సెప్టెంబరు నుంచి 15,000 చేశారు, షెర్పా, ఆక్సిజన్, ఇన్సూరెన్సు అన్నీ వేరే. మన మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎక్కింది, ఆ పిల్ల వెనక గురుకులాల సొసైటీ నిలబడింది. నా వెనక ఎవరున్నారు? ఒక పెద్దాయన శాలువా కప్పి, ఫొటో దిగి, స్పాన్సర్ చేస్తానన్నాడు. ఆర్నెల్లు తిరిగాను. పేరెందుకులెండి. శాలువా మా నాన్నమ్మ కప్పుకుంటోంది, బాగానే ఉంది.

అరసవల్లి_ఆదివారం:
నేను ఎక్కేదాన్ని కాదు, ఎక్కేవాడి భార్యని. ఆయన పైనున్నన్నాళ్ళూ ఫోన్ కలవదు. ఏజెన్సీ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో "ఆల్ ఓకే" అని ఒక్క ముక్క వస్తుంది, అది ఎవరి గురించో తెలీదు. ఆదివారాలు నీచు మానేశాను, సూర్యనారాయణమూర్తికి మొక్కుకున్నాను. ఆయన వచ్చాక చెప్తే, చీకట్లో మంచులో నడుస్తూ తనూ సూర్యుడి కోసమే ఎదురుచూశానన్నాడు, నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. కాలి బొటనవేలి గోరు నల్లబడి, నెలకి పక్కమీదే ఊడింది. రాత్రుళ్ళు ఊపిరాడనట్టు లేచి కూర్చునేవాడు, పైన టెంట్లో అలాగే అయ్యేదట. శిఖరం ఎక్కాడా? ఎక్కాడండీ. అయినా పది రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అందుకని మీరు ఎక్కనందుకే అలా ఉన్నారనుకోకండి.

మంచుబూట్లు (విజయనగరం):
అందరికీ థాంక్స్, మేడమ్ మీ మాట రెండుసార్లు చదివాను. గైడ్‌కి దీపావళి దాకా ఆగలేక ఇవాళే ఫోన్ చేశాను, వేళ్ళెలా ఉన్నాయని అడిగాడు. క్రాంపాన్లు అటకమీంచి దింపి, గ్లవుజులు వేసుకుని కూర్చున్నాను. పదకొండోసారికి దూరింది.