మా ఊరి పల్లెవెలుగు మళ్లీ రావాలంటే ఎవరిని అడగాలి?

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పొద్దున కాలేజీ పిల్లలకూ, టౌన్‌లో పనులకు పోయే ఆడవాళ్లకూ ఆధారంగా ఉన్న పల్లెవెలుగు బస్సు ఆపేశారు, డిపోలో అడిగితే కలెక్షన్ లేదంటున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగులో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కదా, మరి మా రూట్‌కు కలెక్షన్ లెక్క ఎట్లా వేస్తారు? బస్సే రాని ఊరికి ఆ పథకం ఏం ఉపయోగం? పిల్లలు ఆటోల వెనక వేలాడుతూ పోతున్నారు, ఇల్లు చేరేదాకా టెన్షనే.

ఊర్లో ఒకాయన మినీబస్సు తిప్పుతానంటున్నాడు. కానీ 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్‌తో (బండి మొత్తం బాడుగకు ఇచ్చే పర్మిట్) దారిలో ఎక్కించుకుంటూ దించుకుంటూ పోకూడదు, స్టేజ్ క్యారేజ్ పర్మిట్ కావాలి, రూట్‌ను ఆర్టీసీకి నోటిఫై చేసి ఉంటే, అంటే ఆ రూట్ ఆర్టీసీకే అని ప్రభుత్వం ప్రకటించి ఉంటే, అదీ కష్టమే. మా రూట్ నోటిఫై అయిందో లేదో ఎక్కడ చూడాలి? సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెడితే చాలా, లేక జిల్లా ప్రజా రవాణా అధికారికి నేరుగా ఇవ్వాలా? పంచాయతీ తీర్మానం జత చేస్తే బలం ఉంటుందా? ఇట్లా బస్సు తెప్పించుకున్న ఊళ్లవాళ్లు ఎవరైనా ఉంటే అర్జీలో ఏం రాశారో దయచేసి చెప్పండి.