జాంబీల్లో ఇన్ని రకాలేంటి బాబోయ్? మా షార్ట్ ఫిల్మ్‌కి ఏది తీసుకోవాలి?

సెకండ్‌షో_బాబ్జీ:
అందరికీ నమస్తే. ఫ్రెండ్స్‌మంతా కలిసి జాంబీల మీద ఒక షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నాం. కథ సింపుల్. సంక్రాంతికి అందరూ ఊళ్ళకి పోయిన అపార్ట్‌మెంట్‌లో ఓ ఐదుగురు మిగిలిపోతారు, కింద సెల్లార్‌లో ఏదో మొదలవుతుంది. ఇక్కడిదాకా అందరం ఒప్పుకున్నాం, ఆ తర్వాతే గొడవ. ఒకడేమో జాంబీ అంటే కాళ్ళీడ్చుకుంటూ మెల్లగా రావాలంటాడు, ఇంకొకడు పరిగెత్తకపోతే ఎవడు భయపడతాడ్రా అంటాడు. నాకేమో అసలు రూల్సే అర్థం కావట్లేదు. ఒక సినిమాలో తలలో కాలిస్తే చస్తాయి, ఇంకోదాంట్లో తల నరికినా మొండెం లేచి పరిగెడుతుంది, ఒకచోట చచ్చినవాళ్ళు లేస్తారు, ఇంకోచోట బతికున్నవాళ్ళకే జబ్బు చేస్తుంది. వీటన్నిటినీ జాంబీలే అంటున్నారు. తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి. బడ్జెట్ గురించి అడగొద్దు, లేదు.

పాతసినిమాపిచ్చి:
మీ ఫ్రెండ్స్ ఇద్దరూ కరెక్టే, వాళ్ళు చూసిన సినిమాలు వేరు, అంతే. నడకా పరుగా అన్నది తర్వాత చూద్దురుగాని, ముందు ఆ శవానికి యజమాని ఉన్నాడా లేడా చెప్పండి. తమాషాకి అడగట్లేదు. జాంబీ కథలు పుట్టింది కరీబియన్ దేశమైన హైతీలో, అక్కడ దానికి యజమాని ఉంటాడు. బోకోర్ అనే మంత్రగాడు మనిషికి ఏదో పొడి పెట్టి చచ్చినట్టు చేసి, పూడ్చిపెట్టాక రాత్రిపూట తవ్వి తీసి, సొంత ఆలోచన లేకుండా చేసి పనికి తోలతాడని నమ్మకం. అది ఎవరినీ కరవదు, తరమదు. చెరకు తోటల్లో తరాల తరబడి బానిసలుగా అరిగిపోయిన జనానికి చచ్చినా ఆ పని తప్పదు అన్నదానికంటే భయంకరమైన మాట ఏముంటుంది? అందుకే అక్కడివాళ్ళకి జాంబీ ఎదురైతే ఎలాగా అని కాదు, తమనే జాంబీగా మార్చేస్తారేమోనని భయం.

1915 నుంచి 1934 దాకా హైతీ అమెరికా సైన్యం చేతిలో ఉంది, ఈ కథలు అమెరికా జనానికి బాగా చేరింది ఆ రోజుల్లోనే. 1932లో వైట్ జాంబీ సినిమా వచ్చింది. అందులో బేలా లుగోసి అనే నటుడిది చక్కెర మిల్లు యజమాని వేషం. గానుగ తిప్పే జాంబీల్లో ఒకడు జారి అందులోనే పడిపోతాడు, మిగతావాళ్ళు ఆగరు, కనీసం అటు చూడరు, తిప్పుతూనే ఉంటారు. రక్తం చుక్క చూపించకుండా తీసిన ఆ సీను ముందు ఇప్పటి గ్రాఫిక్స్ ఏమూలకీ రావు, నా మట్టుకు నాకు.

మనుషుల్ని తినే జాంబీకి దారి వేసింది 1968లో జార్జ్ రొమెరో తీసిన నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్. ఇందులో యజమాని లేడు, మంత్రం లేదు. శుక్రగ్రహం నుంచి తిరిగొచ్చిన ఉపగ్రహం తెచ్చిన రేడియేషన్ కావచ్చని టీవీలో చర్చించుకుంటారు, తేల్చరు. చాలామంది మర్చిపోయేదేంటంటే ఇందులో కరిస్తేనే జాంబీ అవ్వాలని లేదు, ఎలా చచ్చినా లేస్తారు. ఇంకోటి, శ్మశానంలో కనబడే మొట్టమొదటివాడు బాగానే చురుగ్గా ఉంటాడు, రాయి తీసుకుని కారు అద్దం పగలగొడతాడు కూడా. ఖర్చు 1,14,000 డాలర్ల దాకా అయింది, అప్పటి లెక్కలో కూడా చిన్న సినిమాయే. ఒక పాత ఇల్లు, కిటికీలకి కొట్టడానికి నాలుగు చెక్కలు, లోపల ఇరుక్కున్నవాళ్ళు సెల్లార్‌లో దాక్కుందామా పైనే ఉందామా అని ఒకళ్ళతో ఒకళ్ళు పడే గొడవ. బాబ్జీ, మీ కథకి ఇంతకంటే దగ్గరి చుట్టం లేదు, చూసి ఉండకపోతే ఈ రాత్రికే చూడండి.

కంట్రోలర్_కామేశం:
సినిమావాళ్ళతో ఇదే సమస్య, రొమెరో దగ్గర బస్సు దిగి ఇక ఎక్కరు. బ్రో, రకాలు కావాలంటే గేమ్స్ వైపు రా. 1996లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్‌లో మందుల కంపెనీ ల్యాబ్‌లో తయారైన టీ-వైరస్ బయటపడుతుంది, కుక్కలకి కూడా అంటుకుంటుంది. అంటే తప్పు శ్మశానంలో లేదు, కంపెనీ ఆఫీసులో ఉంది. 2008లో లెఫ్ట్ ఫోర్ డెడ్ వచ్చింది, అందులో రకాలు ఎందుకు పెట్టారో గమనిస్తే మీకు పనికొస్తుంది. గుంపు నుంచి విడిపోయినవాణ్ణి స్మోకర్ పొడుగాటి నాలుకతో లాక్కుపోతుంది, బూమర్ మన మీద కక్కితే ఆ వాసనకి మంద అంతా వచ్చి పడుతుంది, విచ్ ఓ మూల కూర్చుని ఏడుస్తుంటుంది, లైటు వేసి కదిపావా అయిపోయావ్. ఆడేవాళ్ళు ఏ మూలైనా దాక్కుని సేఫ్‌గా గడిపేద్దాం అనుకుంటే ఆ ప్లాన్ చెడగొట్టడానికే ఒక్కో రకం.

ఇక ది లాస్ట్ ఆఫ్ అస్ (2013 గేమ్, 2023 నుంచి సిరీస్) వేరే లెవెల్. అక్కడ వైరస్ కాదు, ఫంగస్. చీమలకి నిజంగానే పట్టే ఫంగస్ ఒకటుంది, దాని పేరు ఆఫియోకార్డిసెప్స్. అది పట్టిన చీమ పుట్ట వదిలేసి చెట్టెక్కి ఆకు ఈనెని గట్టిగా కరిచిపట్టుకుని చచ్చిపోతుంది, తర్వాత దాని తల్లోంచి ఫంగస్ కాడ మొలిచి కింద తిరిగే చీమల మీద బీజాలు చల్లుతుంది. అది మనుషులకి పడితే ఎలా ఉంటుందన్నదే ఆ కథ. జబ్బు ముదిరేకొద్దీ రూపం మారుతుంది. మొదట పరిగెత్తే రన్నర్, తర్వాత దాక్కుని దెబ్బకొట్టే స్టాకర్, మొహం పూర్తిగా విచ్చుకుని కళ్ళు పోయి గబ్బిలంలా శబ్దంతోనే దారి వెతుక్కునే క్లిక్కర్, ఏళ్ళు గడిచాక ఒళ్ళంతా దిబ్బకట్టిన బ్లోటర్. మీ సెల్లార్‌కి క్లిక్కర్ లాంటిది పెట్టండి, కెమెరాకి చీకటి చాలు, మిగతాదంతా సౌండే చూసుకుంటుంది.

లాజిక్_లక్ష్మి:
కామేశం గారు చెప్పినవాటిలో సగం జాంబీలే కావు. చచ్చి లేచిందే జాంబీ, మిగతాది జబ్బు. 28 డేస్ లేటర్ (2002) చూడండి, రేజ్ వైరస్ పట్టినవాళ్ళు చచ్చిపోరు, బతికే ఉంటారు, అందుకే తిండి లేక ఆకలితో చస్తారు కూడా. ఎన్నాళ్ళకి చస్తారో తెలుసుకుందామని సైనికులు ఒకణ్ణి గొలుసుతో కట్టేసి చూస్తుంటారు. శవానికి ఆకలిచావు ఉండదు కదా. ఈ తేడా పట్టించుకోకుండా రాస్తే ఇంటర్వెల్ దాకా బాగానే ఉంటుంది, తర్వాత ఎవడో ఒకడు 'మరి నెల రోజులు తలుపు వేసుకుని కూర్చుంటే సరిపోదా' అంటాడు, కథ అక్కడే కూలుతుంది.

నన్నడిగితే నడకా పరుగా అన్న గొడవకంటే ముఖ్యమైంది కరిచాక ఎంతసేపటికి మారతాడన్నది. రేజ్ వైరస్ అయితే సెకన్లలో పని అయిపోతుంది, కళ్ళలో ఒక రక్తం చుక్క పడినా చాలు, కన్నకూతురికి గుడ్‌బై చెప్పే టైమ్ కూడా సరిగ్గా దొరకదు. అదే ది వాకింగ్ డెడ్ సిరీస్‌లో కాటు తిన్నవాడు జ్వరంతో గంటల తరబడి మూలుగుతాడు, పక్కనున్నవాళ్ళు ఇప్పుడే చంపేయాలా, చచ్చేదాకా ఆగాలా అని నలిగిపోతారు. పైగా అందులో వైరస్ అందరిలో ముందే ఉంది, నిద్రలో గుండె ఆగి పోయినా లేస్తారు. సెకన్లయితే అది ఛేజింగ్ సినిమా, గంటలయితే ఫ్యామిలీ సినిమా. ఐదుగురిని పెట్టుకుని ఛేజింగ్ ఎంతసేపు నడుపుతారు? గంటలకే వెళ్ళండి. కాటు చూపించకుండా ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుని తిరిగే మనిషి ఒకడుంటే చాలు, మేకప్ ఖర్చు కూడా మిగులుతుంది.

రాయలసీమ_రీల్స్:
ఎవరూ జాంబీ రెడ్డి ఊసెత్తలేదేంటి? 2021 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ మన కర్నూలు ఫ్యాక్షన్ మధ్యలోకి జాంబీలని దింపాడు, కరోనా రోజుల కథ. ఆ సినిమా ఎలా ఉందన్నది పక్కన పెడితే ఒకటి మాత్రం బాగా పట్టుకున్నాడు, మన సీమ పల్లెలో వేటకొడవలి కోసం ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.

బాబ్జీ అన్నా, సమాధి బద్దలుకొట్టుకుని చెయ్యి బయటికొచ్చే రకం మనకి ఎందుకు అంత అతకదంటే, మనలో చాలామంది శవాన్ని కాల్చేస్తారు. పూడ్చేవాళ్ళు లేరని కాదు, లింగాయతులు పూడుస్తారు, ముస్లింలు, క్రిస్టియన్లు పూడుస్తారు, ఇంకా చాలా కులాల్లో ఉంది. కానీ ఊరంతా లేచొచ్చే సీను రాయాలంటే కష్టం. మనకి ముందునుంచీ ఉన్నది శవంలోకి దూరే బేతాళుడు, విక్రమార్కుడి భుజం మీద కూర్చుని కథలు చెబుతాడు, ప్రశ్నలేస్తాడు. మాట్లాడే శవం. తెల్లవాళ్ళ జాంబీలు నోరెత్తవు, మనది నోరు మూయదు :)

పాతసినిమాపిచ్చి:
రీల్స్ తమ్ముడూ, కాల్చేస్తే గొడవ వదిలిపోతుందనుకుంటున్నావా? 1985లో వచ్చిన ది రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్‌లో సరిగ్గా అదే చేస్తారు. తల తీసేసినా చావని శవాన్ని ముక్కలుగా కోసి కొలిమిలో వేసి బూడిద చేస్తారు, ఆ పొగ మేఘాల్లో కలిసి వాన కురిసి పక్కనున్న శ్మశానం మొత్తం లేస్తుంది. బాబ్జీ అడిగిన తల లేని మొండెం కూడా ఈ సినిమాదే. ఇవి పరిగెడతాయి, మాట్లాడతాయి, వైర్‌లెస్‌లో ఇంకో అంబులెన్స్ పంపమని అడుగుతాయి. మెదడు ఎందుకు తింటున్నావని సగం శవాన్ని బల్లకి కట్టేసి అడిగితే, చచ్చిపోయి ఉండటం చాలా నొప్పిగా ఉంది, తింటే ఆ నొప్పి తగ్గుతుంది అంటుంది. జాంబీలు మెదడు తింటాయన్న మాట జనంలోకి పోయింది ఇక్కడినుంచే, రొమెరో జాంబీలకి ఏ మాంసమైనా ఒకటే.

ఫార్మా_ఫాతిమా:
హైతీ పొడి గురించి ఒక మాట. 1962లో చనిపోయాడని పూడ్చిన క్లెర్వియస్ నార్సిస్ అనే మనిషి 1980లో తిరిగొచ్చాడన్న కేసు పట్టుకుని, వేడ్ డేవిస్ అనే అమెరికాలో చదువుకున్న పరిశోధకుడు ఆ పొడిలో పఫర్ చేప విషం, అంటే టెట్రోడోటాక్సిన్ ఉందని రాశాడు. అది నరాలని స్తంభింపజేస్తుంది, అది నిజం. కానీ మనిషిని ఏళ్ళపాటు చెప్పినట్టు వినేలా చేయదు, శాంపిల్స్‌లో ఉన్నది కూడా చాలా తక్కువేనని మిగతా సైంటిస్టులు గట్టిగానే ఖండించారు. షార్ట్ ఫిల్మ్‌లో మాత్రం వాడుకోవచ్చు, ఎవరూ కేసు పెట్టరు.

కేడ్రామా_కావ్య:
కొరియావాళ్ళని వదిలేశారు. ట్రెయిన్ టు బుసాన్ (2016)లో జాంబీలకి చీకట్లో కనబడదు, తలుపు లాగి తీయడం రాదు. అద్దం మీద తడి న్యూస్‌పేపర్ అంటిస్తే అవతలివి మనల్ని చూడలేక ఊరుకుంటాయి. ఒక పేపరు, ఒక వాటర్ బాటిల్, టెన్షన్ మాత్రం పీక్స్. కింగ్‌డమ్ సిరీస్ (2019) ఇంకా దారుణం, రాజుల కాలం, కరువు, తిండి లేని జనం ఏ మాంసమో తెలియకుండా తిని అలా అయిపోతారు. పరుగు కావాలన్న మీ ఫ్రెండ్‌కి ఈ రెండూ చూపించండి. కాకపోతే అన్ని శరీరాలు అలా ఒకదాని మీద ఒకటి పడాలంటే జూనియర్ ఆర్టిస్టులు కావాలి, మీ దగ్గర అంతమంది ఉన్నట్టు లేరు.

సెకండ్‌షో_బాబ్జీ:
అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. మావాళ్ళకి చూపించాను, మెల్లగా నడిచేవే ఫిక్స్, కరిచాక ఒక రాత్రంతా పట్టేలా రాస్తున్నాం. చచ్చాకే లేస్తారు, లక్ష్మి గారు తిట్టకుండా. చీకట్లో కనబడకపోవడం కావ్య గారి దగ్గర కొట్టేస్తున్నాం, కరెంటు పోతే హీరోలకి లాభం అన్నమాట, మా ఏరియాలో అది ఫ్రీగా దొరుకుతుంది. మొదటి కాటు వాచ్‌మన్‌కి పెట్టాం.

లాజిక్_లక్ష్మి:
వాచ్‌మన్ వద్దండీ బాబూ, ప్రతి కథలో మొదట పోయేది ఆయనే. అసోసియేషన్ ప్రెసిడెంట్‌తో మొదలెట్టండి. రాత్రి పదకొండింటికి ఆయన వచ్చి తలుపు కొడితే మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాళ్ళు తప్ప అందరూ తీస్తారు, కథలో బతికేదెవరో కూడా అక్కడే తేలిపోతుంది.

సెకండ్‌షో_బాబ్జీ:
అయ్యో, ఐడియా అదిరింది కానీ, టెర్రస్ మీద షూటింగ్‌కి పర్మిషన్ ఇవ్వాల్సింది మా ప్రెసిడెంట్ అంకులే. ఆ వేషం ఆయన్నే వేయమని అడిగి చూస్తాం.