32 లక్షలకు 2016 లాంగ్ వీల్‌బేస్ వీ8 సెడాన్: తీసుకోవచ్చా? (విజయవాడ)

పటమట కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు ముప్పై ఏళ్లుగా లారీలు తిప్పుతున్నారు. ఆటోనగర్‌లో చిన్న యార్డు ఉంది. వెనక సీట్లో కాళ్లు బారజాపుకుని కూర్చునే కారు ఒక్కటైనా కొనాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. తెలిసినాయన దగ్గర ఒకటి అమ్మకానికి వచ్చింది. పేరు రాయను, ఆయన కూడా ఈ గ్రూపులో ఉండొచ్చు. జర్మన్ కంపెనీది, వాళ్ల సెడాన్లలో అన్నిటికన్నా పై బండి. లాంగ్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువ), వీ8 పెట్రోల్ (ఎనిమిది సిలిండర్ల ఇంజన్), దానిలోకి గాలి ఎక్కించే టర్బోలు రెండు. 2016 మోడల్, 71 వేల కిలోమీటర్లు తిరిగింది. తెలంగాణ నంబరు, కానీ 2022 నుంచి బెజవాడలోనే ఉంది. 32 లక్షలు చెబుతున్నారు. కొత్తప్పుడు కోటి పైన పెట్టి కొన్నారట. వారానికి రెండుసార్లు గుంటూరు, నెలకోసారి హైదరాబాద్, మాకు అంతే తిరుగుడు. ఏమేం చూసుకోవాలి? తీసుకోవచ్చా?

బ్రాడీపేట బాబాయ్:
అబ్బాయ్, అలాంటి బండి ఐదేళ్లు ఉంచుకున్నవాణ్ని కాబట్టి చెబుతున్నా. 32 లక్షలు గుమ్మం దాటడానికి. లోపలికి వెళ్లాక అయ్యే ఖర్చు పాత బండి లెక్కలో ఉండదు, కోటి రూపాయల బండి లెక్కలోనే ఉంటుంది. కారు ధర పడిపోయింది కానీ స్పేర్ పార్టుల ధర పడలేదు.

నువ్వు అన్నిటికన్నా ముందు ఎయిర్ సస్పెన్షన్ చూడు. ఇంజన్ సంగతి తర్వాత. ఒక సంక్రాంతికి తెనాలి మా అత్తగారింటికి వెళ్లాం. రాత్రి వాకిట్లో పెట్టాను. పొద్దున ముగ్గు వేయడానికి లేచిన మా మరదలు, "బావగారూ, మీ కారు ఒక మోకాలి మీద కూర్చుంది" అంది. చూస్తే ముందు ఎడమ చక్రం సగం ఫెండర్ లోపలికి పోయి ఉంది. స్టార్ట్ చేశాను, నిమిషంలో లేచి నిలబడింది. లేచింది కదా అని నాలుగు రోజులు అలాగే తిప్పాను. నాలుగో రోజు కాజ టోల్ ప్లాజా దగ్గర లైన్లో ఉండగా గాలి నింపే కంప్రెసర్ కూడా పోయింది. ఒక ఎయిర్ స్ప్రింగుతో పోయేది కంప్రెసర్ దాకా తెచ్చుకున్నాను. తప్పు బండిది కాదు, నాది.

ఆటోనగర్ మిస్త్రీ:
బాబాయ్ గారు చెప్పింది ఎందుకు జరుగుతుందో చెబుతా. వీటిలో మామూలు కాయిల్ స్ప్రింగ్ ఉండదు, దాని చోట గాలి నింపిన రబ్బరు తిత్తి ఉంటుంది. కొన్ని బండ్లలో నాలుగు చక్రాలకూ, కొన్నిటిలో వెనక రెంటికే. ఏళ్లు గడిచేకొద్దీ, మన ఎండలకు, ఆ రబ్బరు మడత పడేచోట సన్నగా బీటలు వస్తాయి. రాత్రంతా గాలి కొంచెం కొంచెంగా పోతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే కంప్రెసర్ ఆ గాలి మొత్తం మళ్లీ నింపాలి. అది అప్పుడప్పుడు కొద్దిసేపు తిరగడానికి చేసిన సామాను. రోజూ నిమిషాల తరబడి తిప్పితే వేడెక్కి చచ్చిపోతుంది. ఒక్కోసారి దానికి కరెంటు ఇచ్చే స్విచ్చు, రిలే అంటారు, అది కూడా అతుక్కుపోతుంది.

చూసే పద్ధతి ఇది తమ్ముడూ. చదునైన చోట బండి పెట్టించు. టేపు తీసుకుని చక్రం నట్టనడుమ నుంచి ఫెండర్ అంచు వరకు నాలుగు వైపులా కొలిచి రాసుకో. రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున డోర్ తీయకముందే మళ్లీ కొలువు. డోర్ తీస్తే కొన్ని బండ్లు లెవెల్ సరిచేసుకోవడం మొదలెడతాయి. నాలుగు మూలలా ఐదారు మిల్లీమీటర్లు దిగితే అది చల్లదనానికి గాలి కుంచించుకుపోవడం, పట్టించుకోవద్దు. ఒక్క మూల మాత్రమే వేలెడు దిగితే లీక్ ఉన్నట్టే. ఎక్కడో తెలియాలంటే సబ్బు నీళ్లు కొట్టి బుడగలు చూడాలి.

ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నా. ఎయిర్ సస్పెన్షన్ బండి కిందకి, జాకీ పక్కన స్టాండ్లు పెట్టకుండా, ఎవరూ దూరొద్దు. గాలి ఒక్కసారిగా పోతే రెండు టన్నులు మీద పడతాయి.

పటమట కుర్రాడు:
థాంక్స్ అన్నా. ఇంకోటి. ఇక్కడ ఒకాయన, గాలి తిత్తులు తీసేసి కాయిల్ స్ప్రింగులు వేస్తే జీవితంలో గొడవ ఉండదన్నాడు. నిజమేనా?

ఆటోనగర్ మిస్త్రీ:
వేయొచ్చు, ఖర్చు తగ్గుతుంది. కానీ కంప్యూటర్‌కి ఆ మార్పు తెలియదు, సర్దకపోతే డాష్‌బోర్డు మీద వార్నింగ్ పోదు. స్పీడు బ్రేకర్ దగ్గర బండిని పైకి లేపే బటన్ పనికిరాదు. వెనక ముగ్గురు లగేజీతో ఎక్కితే వెనక భాగం దిగిపోతుంది. నాన్నగారు ఈ బండి కొనేదే ఆ ప్రయాణం కోసం. అది తీసేశాక పొడుగ్గా ఉన్న మామూలు కారు మిగులుతుంది.

మంగళగిరి ఇంజనీర్:
పొడుగు మాట వచ్చింది కాబట్టి కొన్ని లెక్కలు. ఆ ఏడాది మోడల్స్‌లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ లాంగ్ అయితే 5246 మి.మీ. పొడవు, వీల్‌బేస్ 3165. బీఎండబ్ల్యూ సెవెన్ సిరీస్ లాంగ్ అయితే 5238, వీల్‌బేస్ 3210. ఆడీ ఏ8 ఎల్ కూడా ఐదుంపావు మీటర్ల బండే. స్విఫ్ట్ వీల్‌బేస్ 2450, ఇన్నోవా క్రిస్టాది 2750. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం పెరిగేకొద్దీ, స్పీడు బ్రేకర్ మధ్యలో ఉన్నప్పుడు బండి పొట్ట నేలకు దగ్గరవుతుంది. గ్రౌండ్ క్లియరెన్స్ అంకె ఒకటే అయినా స్విఫ్ట్ దాటే చోట ఇది గీసుకుంటుంది. అపార్ట్‌మెంట్ ర్యాంపు పైకెక్కి మలుపు తిరిగే చోటా ఇదే కథ. సస్పెన్షన్ లేపితే బండిని బట్టి 20 నుంచి 30 మి.మీ. దక్కుతుంది, అది చాలాసార్లు సరిపోతుంది.

మీ పార్కింగ్ స్లాట్ కొలిచారా? మన అపార్ట్‌మెంట్లలో చాలా వాటిలో ఐదు మీటర్లకు గీత గీస్తారు.

పటమట కుర్రాడు:
ఆ ఆలోచనే రాలేదండీ! సాయంత్రం కొలుస్తా.

బ్రాడీపేట బాబాయ్:
ఇప్పుడు ఇంజన్. ఆ ఏడాది మెర్సిడెస్ ఎస్ 500లో 4.7 లీటర్ల వీ8, 455 హార్స్‌పవర్, 700 న్యూటన్ మీటర్ల టార్క్. బీఎండబ్ల్యూ 750 ఎల్ఐలో 4.4 లీటర్లు, 450 హార్స్‌పవర్, 650. బెంజ్ సర్కిల్ నుంచి కనకదుర్గమ్మ వారధి దాకా ఈ బలమంతా రెండో గేరులోనే అయిపోతుంది, అది వేరే సంగతి. ఊళ్లో లీటరుకు ఐదారు మించి ఆశించకు. ఇంజన్ ఆయిల్ ఎనిమిది లీటర్లు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువే పడుతుంది, ప్లగ్గులు ఎనిమిది, కాయిళ్లు ఎనిమిది. ఏది మార్చినా ఎనిమిదితో హెచ్చవేసుకో.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పొద్దున చెప్పకుండా వెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నువ్వు వచ్చేలోపు ఎవరో స్టార్ట్ చేశారన్నమాట, ఇంకో రోజు రా. చల్లగా ఉంటే నువ్వే స్టార్ట్ చేయించి మొదటి మూడు సెకన్లు చెవి ఒగ్గి విను. గలగలమని చైన్ చప్పుడు వచ్చి ఆగితే టైమింగ్ చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ల సంగతి మిస్త్రీ గారిని అడగాలి. తర్వాత ఇరవై నిమిషాలు ఊరికే ఆడించి, ఒక్కసారి యాక్సిలరేటర్ ఇచ్చి వెనక సైలెన్సర్ చూడు. నీలిపొగ కనబడితే ఆయిల్ తాగుతోంది.

కొన్ని వీ8లలో టర్బోలు రెండు వరుసల సిలిండర్ల మధ్య లోయలో ఉంటాయి. ఇంజన్ చిన్నదవుతుంది, టర్బో త్వరగా స్పందిస్తుంది, కానీ వేడంతా ఆ నడుమే. మే నెలలో బందరు రోడ్డు ట్రాఫిక్‌లో ఆ వేడికి ముందు పోయేవి ప్లాస్టిక్, రబ్బరు పైపులు. బానెట్ ఎత్తి ఆ చుట్టుపక్కల పైపులు వేలితో నొక్కి చూడు. మెత్తగా ఉండాలి, పెళుసుగా ఉండకూడదు.

పెట్రోల్ సంగతి కూడా చూడు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపినది. ఈ బండికి ఎంత ఇథనాల్ వరకు పర్లేదో, ఎంత ఆక్టేన్ కావాలో మాన్యువల్లో, పెట్రోల్ మూత లోపల రాసి ఉంటుంది. 95 అడిగితే 95 కొట్టించు, అక్కడ మిగుల్చుకోకు.

సింగ్‌నగర్ అక్క:
బండి 2022 నుంచి బెజవాడలో ఉందన్నారు కదా. మరి 2024 సెప్టెంబరులో ఎక్కడుంది? ఇది ఎవరూ అడగలేదేంటి? బుడమేరు వాగు పొంగి నీళ్లు వచ్చినప్పుడు మా వీధిలో కార్లు అద్దాల దాకా మునిగాయి. తర్వాత వాటిలో కొన్ని మెరిసిపోతూ అమ్మకానికి వచ్చాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, అడుగున మట్టి గీత ఉంటుంది. దాన్ని కడగాలని ఎవరికీ తోచదు. డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంట చూడండి. ముందు సీట్ల పట్టాల కింద వేలు పెట్టి గీకండి, ఒండ్రు చేతికి వస్తుంది. ఇలాంటి బండ్లలో కంట్రోల్ యూనిట్లు సీట్ల కింద, డిక్కీలో ఉంటాయి. తడిసినవి ఏడాది తర్వాత కూడా ఒక్కొక్కటే మొండికేస్తాయి.

గుణదల ఆడిటర్:
అందరూ బండి చూస్తున్నారు, నేను కాగితం చూస్తా. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి, చట్టంలో ఉన్నదే. అమ్మేవారు మూడేళ్లు దాటినా మార్చలేదు. అంటే ఏపీ లైఫ్ ట్యాక్స్ మీ నెత్తిన పడుతుంది. అది మీరు ఇచ్చే 32 లక్షల మీద లెక్కకట్టరు. బండి అసలు ధర, వయసు చూసి కడతారు. కోటి పైన బండికి లక్షల్లోనే ఉంటుంది. ముందు ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి ఆ అంకె కాగితం మీద రాయించుకోండి, తర్వాత బేరమాడండి.

ఎన్ఓసీకి (పాత ఆర్టీఏ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) ఫారం 28, పేరు మార్పుకు 29, 30, లోన్ ఉండి తీరిస్తే 35. పాత చలానాలు కూడా చూసుకోండి. ఎన్ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి, ఎంత తెలిసినవారైనా సరే.

పటమట కుర్రాడు (మూడు రోజుల తర్వాత):
అందరికీ చేతులెత్తి దండం. చూసినవి వరుసగా రాస్తున్నా.

బానెట్ చల్లగానే ఉంది. చైన్ చప్పుడు లేదు, పొగ లేదు. పైపులు రెండు మార్చాలన్నారు. సీటు బెల్టులు శుభ్రం, స్టెప్నీ గుంటలో దుమ్ము తప్ప ఏమీ లేదు. వరదలప్పుడు బండి హైదరాబాద్ షెడ్డులో ఉందట, సర్వీస్ బిల్లు తేదీ సరిపోయింది. టైర్ల మీద 2319 అని ఉంది. అంటే 2019లో 23వ వారం కదా? నాలుగూ మార్చాల్సిందే.

టేపు సంగతి. రాత్రి తొమ్మిదికి, పొద్దున ఆరుకు కొలిచాను. మూడు మూలలు 4, 5, 4 మి.మీ. దిగాయి. వెనక కుడివైపు 31. నాన్నగారు నా పక్కనే నిలబడి చూశారు. ఆయన లారీలకు పట్టీ స్ప్రింగులు విరిగితే చూపుతో చెప్పేస్తారు. ఇది చూసి, "గాలి మీద బతికే బండా ఇది" అన్నారు.

ఆర్టీఏ అంకె కూడా తెచ్చాను. అది, ఎయిర్ స్ప్రింగులు రెండు, టైర్లు నాలుగు, పైపులు కలిపి అమ్మేవారి ముందు పెట్టాను. 32 నుంచి 24న్నరకు అడిగాను. రెండు రోజులు ఆలోచించి 25కి దిగారు. ఎన్ఓసీ ఆయనే తెచ్చి ఇస్తారు, అప్పటిదాకా రెండు లక్షలు మా దగ్గరే ఉంటాయి.

ఆటోనగర్ మిస్త్రీ:
మంచి బేరం. వెనక స్ప్రింగులు రెండూ జతగానే మార్చు, ఒక్కటి మార్చి ఆగకు. కంప్రెసర్ రిలే కూడా అప్పుడే కొత్తది వేయించు. దాని ఖర్చు ఎంతో కాదు. బండి వారానికి రెండుసార్లే కదిలితే బ్యాటరీ దిగిపోతుంది, ఇలాంటి బండ్లలో ఉండే ఏజీఎం రకం బ్యాటరీకి సరిపడే ఛార్జర్ ఒకటి కొని పెట్టుకో.

మంగళగిరి ఇంజనీర్:
స్లాట్ కొలత చెప్పలేదు.

పటమట కుర్రాడు:
4 మీటర్ల 92. పిల్లర్ కూడా అడ్డం. ముక్కు దారిలోకి వస్తుంది, అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరు. అందుకని ఆటోనగర్ యార్డులో షెడ్డు వేయిస్తున్నాం. లారీల పక్కన ఉంటుంది.

బ్రాడీపేట బాబాయ్:
యార్డులో ఎలుకలుంటాయి అబ్బాయ్. ఈ బండి వైరింగ్ రుచి వాటికి బాగా తెలుసు. రోజూ బానెట్ ఎత్తి చూసుకో.

పటమట కుర్రాడు:
ఎలుకలున్నాయి బాబాయ్. రెండు పిల్లులు కూడా ఉన్నాయి, కానీ అవి బానెట్ మీదే పడుకుంటాయేమోనని నాన్నగారి భయం.